జీతంలో ‘సొసైటీ’ కటింగ్ ఉందా? అయితే ఈ లెక్కలు తెలుసుకోండి

మీ పే స్లిప్‌లో పీఎఫ్, ఇన్‌కం ట్యాక్స్‌తో పాటు ‘సొసైటీ’ పేరుతోనూ కొంత కోత పడుతోందా? అది మీ ఉద్యోగుల పొదుపు, పరపతి సహకార సంఘానికి వెళ్లే డబ్బు. విదేశాల్లో క్రెడిట్ యూనియన్ అనే సంస్థ చేసే పనే ఇక్కడ ఈ సొసైటీ చేస్తుంది. సభ్యుల పొదుపు సొమ్మును కూడగట్టి, అవసరమైన సభ్యులకు అప్పుగా ఇస్తుంది. చేతికి రాకముందే జీతంలోంచి పోతుంది కాబట్టి పొదుపు ఆగదు. అప్పు కూడా సులువుగా పుడుతుంది. కానీ సొసైటీ బ్యాంకు కాదు. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది ఇబ్బంది పడతారు.

కోతలో ఏమేం ఉంటాయి?

సాధారణంగా మూడు ఉంటాయి. మొదటిది వాటా ధనం. దీనివల్లే మీరు సంఘంలో సభ్యులవుతారు. లాభం వస్తే దీనిపై డివిడెండ్ ఇస్తారు. రెండోది నెలనెలా జమయ్యే పొదుపు, అంటే థ్రిఫ్ట్. దీనికి వడ్డీ వస్తుంది. మూడోది, అప్పు తీసుకుని ఉంటే దాని వాయిదా. ఈ మూడింటిలో ఏది ఎంతో పాస్‌బుక్‌లో విడివిడిగా చూసుకోండి. మొత్తం కోత కనిపిస్తే అదంతా పొదుపే అనుకోవద్దు.

అత్యవసర నిధి ఇక్కడ వద్దు

చాలా సంఘాల్లో వాటా ధనం, థ్రిఫ్ట్ సొమ్ము సభ్యత్వం వదులుకున్నప్పుడో, రిటైరైనప్పుడో మాత్రమే పూర్తిగా చేతికొస్తాయి. బాకీ ఉంటే అది పట్టుకుని మిగతాది ఇస్తారు. రాత్రికి రాత్రి ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సి వస్తే ఈ పొదుపు అక్కరకు రాదు. అందుకే కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో విడిగా ఉంచుకోండి. అది సమకూరాకే థ్రిఫ్ట్ పెంచండి. జీతం పెరిగిన నెలలోనే పెంచితే ఇంటి బడ్జెట్‌కు భారం తెలియదు. నెలకు అదనంగా రూ.500 కట్టినా ఏడాదికి రూ.6,000 అవుతుంది.

వడ్డీ ఎలా లెక్కిస్తారో అడగండి

‘12 శాతం వడ్డీ’ అన్న మాట ఒక్కటే చాలదు. ఆ వడ్డీని మొత్తం అసలుపై వేస్తారా, తగ్గుతూ వచ్చే బాకీపైనా అన్నది ముఖ్యం. రూ.లక్ష ఏడాదికి తీసుకున్నారనుకోండి. ఫ్లాట్ పద్ధతిలో వడ్డీ రూ.12,000, నెల వాయిదా రూ.9,333. అదే 12 శాతం తగ్గే బాకీపై అయితే వాయిదా సుమారు రూ.8,885, మొత్తం వడ్డీ దాదాపు రూ.6,620 మాత్రమే. శాతం ఒకటే అయినా వడ్డీలో రూ.5,000కు పైగా తేడా.

క్రెడిట్ కార్డు బాకీ పేరుకుపోయి ఉంటే సొసైటీ అప్పు నిజంగానే ఆదుకుంటుంది. కార్డుపై రూ.50,000 బాకీకి నెలకు 3.5 శాతం చొప్పున రూ.1,750 వడ్డీ పడుతుంది, జీఎస్టీ అదనం. అదే మొత్తానికి ఏడాదికి 12 శాతమంటే నెలకు రూ.500. అయితే కార్డు బాకీ తీర్చి, మళ్లీ అదే కార్డు గీకితే రెండు అప్పులు మిగులుతాయి. జాగ్రత్త.

జామీను సంతకం.. మొహమాటం వద్దు

‘ఊరికే ఓ సంతకం అన్నా’ అని పక్క సీటు సహోద్యోగి అడుగుతారు. అది ఊరికే చేసే సంతకం కాదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్న వ్యక్తికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. ఆయన కట్టకపోతే మీ జీతంలోంచి కోత పడొచ్చు. మీరే కట్టాల్సి వస్తే తట్టుకోగలరా? లేదనిపిస్తే నేరుగా చెప్పేయండి. సంతకం చేసినా అప్పు మొత్తం, గడువు తెలుసుకుని, పత్రం ఫొటో తీసి పెట్టుకోండి.

మీ డిపాజిట్‌కు బీమా లేదు

ఇదే అన్నింటికంటే ముఖ్యం. బ్యాంకు దివాలా తీస్తే అసలు, వడ్డీ కలిపి ఒక్కో డిపాజిటర్‌కు రూ.5 లక్షల వరకు డీఐసీజీసీ చెల్లిస్తుంది. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉంది. సహకార బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. పరపతి సంఘాలకు మాత్రం వర్తించదు. అమెరికాలో క్రెడిట్ యూనియన్లలోని డిపాజిట్లకు సాధారణంగా 2.5 లక్షల డాలర్ల వరకు బీమా ఉంటుంది. అక్కడ ఉండి వచ్చినవారు ఇక్కడా అంతే అనుకోవద్దు.

రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంటే తప్ప సహకార సంఘాలు పేరులో ‘బ్యాంక్’ అని వాడకూడదు. ఇలాంటి సంఘాల విషయంలో జాగ్రత్తగా ఉండాలని 2021 నవంబరులో ఆర్‌బీఐ ప్రజలను హెచ్చరించింది కూడా. కాబట్టి నెలవారీ పొదుపు కొనసాగించండి. కానీ రిటైర్మెంట్ సొమ్ము, పిల్లల పెళ్లికి దాచిన డబ్బు మొత్తం తెచ్చి, ఒకట్రెండు శాతం ఎక్కువ వడ్డీ కోసం ఒకే సొసైటీలో పెట్టొద్దు.

ఏటా ఒక్క పూట కేటాయించండి

మీరు కేవలం ఖాతాదారు కాదు, యజమాని కూడా. వాటా ఎంతున్నా సభ్యుడికి ఒకటే ఓటు. మహాజన సభకు వెళ్లండి. ఈ నాలుగూ అడగండి.

• ఆడిట్ పూర్తయిందా? నివేదికలో అభ్యంతరాలున్నాయా?
• మొండి బాకీలు ఎంత?
• యాజమాన్యం జీతాల్లోంచి కోసిన సొమ్మును నెలనెలా సంఘానికి జమ చేస్తోందా?
• నా ఖాతాలో నామినీగా ఎవరి పేరుంది?

చివరి ప్రశ్న చిన్నదే అనిపిస్తుంది. పెళ్లికి ముందు రాసిన నామినీ పేరు మార్చకపోతే, ఆ డబ్బు కోసం భార్యాపిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఫిర్యాదు ఎవరికి?

ముందు సంఘం కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్పందన లేకపోతే, రాష్ట్రంలో రిజిస్టరైన సంఘమైతే జిల్లా సహకార అధికారిని కలవండి. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే సంఘమైతే ఢిల్లీలోని కేంద్ర రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుంది. ఈ సంఘాల్లో డిపాజిట్ల ఫిర్యాదుల కోసం 2023 చట్ట సవరణతో సహకార అంబుడ్స్‌మన్ వ్యవస్థ కూడా వచ్చింది.

మీ సంఘం ఏ కోవలోకి వస్తుందో పాస్‌బుక్‌పై ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు చూసి తెలుసుకోండి. ఈ నెల పే స్లిప్ రాగానే పాస్‌బుక్ పక్కన పెట్టుకుని అంకెలు సరిచూసుకోండి.