చిన్న నిధి, గ్రామము వంతు

వంశధార సముద్రమున గలియు కళింగపట్నమునకు ఓడలే ఐశ్వర్యము తెచ్చిన కాలమొకటి కలదు. వర్తకము తరలిపోయిన పిమ్మట, పెద్ద పెట్టుబడి ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచుట తీరవాసులకు అలవాటైనది. అయితే ఇదే కోస్తాలో, విశాఖపట్నమునకు దక్షిణమున, రాంబిల్లి దగ్గరి దిమిలి గ్రామచరిత్ర వేరొక మార్గమును జూపుచున్నది.

అమెరికాలో డాక్టరేటు పొందిన భాగవతుల పరమేశ్వరరావుగారు 1960ల దశకమున అణుశాస్త్రవృత్తిని విడిచి స్వగ్రామమగు దిమిలి చేరిరి. ఊరివారు గోరినది హైస్కూలు. దానికై వారే చందాలు వేసికొనిరి. దాతలు రాకమునుపే గ్రామము తన వంతు పెట్టుట ఇందు గమనింపదగిన సంగతి.

1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు ఏర్పడినది. ప్రభుత్వ ధనముతో పోల్చిన, అట్టి ట్రస్టు నిధి సముద్రములో కాకిరెట్ట. ఈ సామెతను తీరవాసులకు విప్పి చెప్పనక్కరలేదు. అయినను దానికొక సౌలభ్యము కలదు. రుజువు కాని పనికి ఖజానా తలుపు తెరువదు; బ్యాంకి హామీ నడుగును. చిన్న ట్రస్టు బడి లేనిచోట ఒక పంతులును నియమించి చూడగలదు, బీడునేలలో మొక్కలు నాటించగలదు, స్త్రీలచే పొదుపు సంఘము పెట్టించగలదు. ఈ మూడు పనులకును ట్రస్టు పూనుకొన్నది. వీనిలో పొదుపే ముఖ్యమనవలెను: స్త్రీలు కూడబెట్టిన పైకమును తమలో తామే అప్పిచ్చుకొన్నచో వడ్డీవ్యాపారి గుమ్మము కాయవలసిన పనిలేదు.

పరమేశ్వరరావుగారు 2019లో గతించిరి. ట్రస్టు వారి వెనుకను నిలిచినది.