ధ్వనియంత్రములు – కొన్నవారి సాక్ష్యము

మానవకంఠమును యంత్రమున నిలిపి మరల వినిపించు విద్య 1877లో అమెరికా దేశమున థామస్ ఆల్వా ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫుతో ఆరంభమైనది. అది మొదలు నేటివరకు ఇట్టి యంత్రమును కొనదలచిన ప్రతి గృహస్థునకును ఒకటే సందేహము: ఇది బాగుగా పలుకునని చెప్పువాని మాట నమ్మదగునా? బియ్యము కొనువాడు గింజను కొరికి చూచును. వస్త్రము కొనువాడు నేతను వ్రేళ్లతో తడవి చూచును. ధ్వనియంత్రము మాత్రము ఇల్లు చేరి, మన గదిలో కొన్నినాళ్లు పలికినగాని దాని గుణము తెలియరాదు. కావుననే ఈ వర్తకమున పరుల సాక్ష్యమునకు మొదటినుండియు విలువ హెచ్చు. ఆ సాక్ష్యముల చరిత్రను కొంత పరిశీలించి, చెన్నపట్టణమున స్థిరపడిన మన కుటుంబములు అందుండి గ్రహింపదగిన దేమో విచారింతము.

ఇది విలాసవస్తువులను గూర్చిన ముచ్చట మాత్రమే యని తలపరాదు. వీధిలో తమిళమును, బడిలో ఆంగ్లమును వినుచు పెరుగు మన బిడ్డలకు, పెద్దల నోటి మాట తరువాత తెలుగు వినబడునది ఈ పెట్టెనుండియే. ఘంటసాలవారి భగవద్గీత గాని, పాండవోద్యోగ పద్యములు గాని స్పష్టముగా పలికినప్పుడే ఒత్తులును దీర్ఘములును పసిచెవులకు పట్టువడును. పలుకు ముద్దకట్టు యంత్రము ఇంట వెలసినచో నష్టము మన రూకలతో పోవునది కాదు.

గ్రామఫోను బూర ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మను ఎరుగని ఇల్లు ఒకప్పుడు మనలో అరుదు. యజమానుని కంఠమును కుక్క సైతము గుర్తించునంత సహజముగా ఈ యంత్రము పలుకునని ఆ బొమ్మ చెప్పు సాక్ష్యము. దాని వెనుక కథ చిత్రమైనది. నిప్పర్ అను పేరుగల ఆ కుక్క 1895లోనే మరణించినది. ఫ్రాన్సిస్ బారో అను ఆంగ్ల చిత్రకారుడు తరువాత దానిని తలచుకొని, స్థూపాకారపు ఫోనోగ్రాఫు నొకదానిని అది ఆలకించుచున్నట్లు చిత్రించెను. 1899లో గ్రామఫోను కంపెనీవారు ఆ పటమును కొనదలచి, పాతయంత్రమును చెరిపి తమ గ్రామఫోనును చిత్రింపుమనిరి. అతడట్లే చేసెను. కుక్క మారలేదు, దాని శ్రద్ధయు మారలేదు. అది విను యంత్రము మాత్రము ధనముచే మారినది. ఆ ముద్రతోడి పలకలే తరువాత కలకత్తా చెంత డమ్‌డమ్ కర్మాగారమునుండి మన యిండ్లకు వచ్చినవి.

ఎడిసన్ కంపెనీవారు 1915 మొదలు దాదాపు పదేండ్లు వేరొక ఉపాయము పన్నిరి. గాయనిని, యంత్రమును ఒకే వేదికపై నిలిపి, దీపము లార్పి, పాడునది మనిషియో యంత్రమో చెప్పుడని సభవారిని అడిగెడివారు. పోల్చలేకపోతిమని జనులు ఆశ్చర్యపడిరి. పత్రికలును అట్లే వ్రాసినవి. ఆ గాయనులలో ఒకరగు ఆనా కేస్, యంత్రపు ధ్వనికి సరిపడునట్లు తన గొంతును తగ్గించి పాడితినని వృద్ధాప్యమున తెలిపెను. సభలోనివారు అసత్యము పలుకలేదు. తాము విన్నదే చెప్పిరి. అయినను విన్నవాడు సత్యవంతుడైనంత మాత్రమున వినిపించినవాడు సత్యవంతుడు కానక్కరలేదు.

ఇక మన పట్టణమునకు వత్తము. 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలగువారు మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరము జూలై 31న ప్రసారములు ఆరంభించిరి. ద్రవ్యము చాలక 1927లో అది ఆగిపోగా, ఆ పరికరములతోనే నగర కార్పొరేషనువారు 1930 ఏప్రిల్ 1నుండి ప్రసారములు సాగించిరి. సొంత సెట్టు లేనివారు సముద్రతీరమున లౌడుస్పీకరు క్రింద నిలిచి వినెడివారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఏర్పడకముందు తెలుగు కార్యక్రమములకు మదరాసే ఆధారము.

ఆ కాలమున సెట్టు కొనదలచినవాడు పొరుగింటి అరుగుపై కూర్చుండి, వారి సెట్టును కొన్ని సాయంకాలములు విని నిశ్చయించుకొనెడివాడు. ఆ పొరుగువాని సాక్ష్యమునకు మూడు గుణములు కలవు. అతడెవడో మన మెరుగుదుము. అతడు చెప్పుదానిని మన చెవులతో వినగలము. మాట తప్పైనచో మరునాడు అతడు మన ముఖము చూడవలసినవాడే. సాక్ష్యమును తూచుటకు ఈ మూడింటికి మించిన తూనికరాళ్లు మాకు కానరావు.

పిదప అంకెల కాలము వచ్చినది. యాంప్లిఫయరు శక్తిని వాట్లలో చెప్పుట ఆచారము. క్షణకాలమున మెరసి పోవు శక్తిని లెక్కించి పెద్ద అంకె వేయుట ఒక మార్గము. నిలుకడగా ఈయగల శక్తిని చెప్పుట వేరొకటి. మొదటి మార్గమున జనులు మోసపోవుచుండుటచే అమెరికా వాణిజ్య సంఘము 1974లో నిలుకడ శక్తినే ప్రకటింపవలెనని నియమము చేసినది. మన దేశమున ఆ పిమ్మట చాలకాలమువరకు చిన్న టేపురికార్డరు పెట్టెలపై సైతము పి.ఎం.పి.ఓ. అను అక్షరముల ప్రక్కన వందల వాట్లు వెలయుచుండెను.

నిష్పక్షపాతియగు పరీక్షకుడు దొరికినచో చిక్కు తీరునా? ఇందుకు ఒక ప్రసిద్ధ వ్యాజ్యము కలదు. కన్స్యూమర్స్ యూనియన్ అను అమెరికా సంస్థ 1936లో ఏర్పడినది. అది తన పత్రికలో వర్తక ప్రకటనలు వేయదు. సరకును అంగడిలో తన ధనముతోనే కొని పరీక్షించును. వంగదేశమునుండి వెడలిన స్వాతంత్ర్యయోధుని కుమారుడగు అమర్ బోస్ స్థాపించిన కంపెనీవారి 901 అను స్పీకర్లను గూర్చి ఆ పత్రిక 1970 మే నెలలో సమీక్ష వ్రాసినది. వాద్యముల నాదము ఒక్కచోట నిలువక గదియందంతట తిరుగాడునట్లు తోచుచున్నదని అందలి భావము. కంపెనీవారు దావా వేసిరి. నాదము గదియంతట తిరిగినదా, రెండు స్పీకర్ల నడుమ గోడవెంబడి మాత్రమే కదలినదా యనునది వివాదములో ముఖ్యాంశమైనది. 1981లో క్రింది న్యాయస్థానము కంపెనీకి అనుకూలముగా తీర్పు చెప్పగా, 1982లో అప్పీలు కోర్టు దానిని త్రోసివేసినది. 1984 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో పత్రిక పక్షమే నిలిచినది. మాట సరిగా కుదరనంత మాత్రమున, తెలిసి అబద్ధమాడినట్లు కాదని దాని సారాంశము. ధనాపేక్ష లేని పరీక్షకులు తమ చెవికి తోచినది ఒక్కమాటలో చెప్పబోయి పదునాలుగేండ్ల వివాదమునకు కారకులైరి. నాదమును మాటలలో బంధించుట అంత దుర్ఘటము.

నేడు మేము నివసించు షోళింగనల్లూరును చూడుడు. ప్రక్కన బకింగుహాము కాలువ కలదు. ఒకప్పుడు తెలుగుసీమ సరకులు ఆ కాలువ వెంట పడవలపై మదరాసునకు దిగివచ్చెడివి. ఈ గ్రామము 2011లో చెన్నై కార్పొరేషనులో చేరినది. నేడు సరకులు పొట్లములై అపార్టుమెంటు వాకిటికే వచ్చుచున్నవి. కొనువాడు అంగడివాని ముఖమును ఎరుగడు. ఎవరో ఇచ్చిన చుక్కలను లెక్కించి ఎన్నుకొనును. పొరుగువాని మూడు గుణములలో ఒక్కటియు ఇచ్చట లేదు. ఈ కొరతను ప్రభుత్వమువారు గుర్తింపకపోలేదు. 1986నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము వచ్చి 2020 జూలైలో అమలయినది. 2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థవారు ఇట్టి సమీక్షలకై ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించిరి. వ్రాసినవాడెవడో విచారింపవలెననియు, అమ్మువాడు ధనమిచ్చి వ్రాయించిన సమీక్షలను ప్రకటింపరాదనియు అందలి ముఖ్యసూత్రములు. అది తొలుత స్వచ్ఛందముగా పాటింపదగినదిగానే వచ్చినది. చట్టము అబద్ధపు సాక్షిని కొంత అరికట్టగలదు. నిజమైన సాక్షి చెవిని మన చెవిగా మార్చజాలదు.

అట్లయిన ఈ సమీక్షలను పూర్తిగా త్రోసిపుచ్చవలెనా? అక్కరలేదు. వానిని రెండు పాళ్లుగా విభజించుట యుక్తము. చెడిపోవుట, ఉప్పుగాలికి తుప్పు పట్టుట, బాగుచేయువాడు పిలిచినను రాకుండుట – ఇవి చెవి భేదము లేని విషయములు. వేర్వేరు ఊళ్లవారు, వేర్వేరు నెలలలో, తమతమ మాటలలో ఒకే లోపమును చెప్పినచో నమ్మవచ్చును. ఆరునెలలు వాడినవాని మాటకు, పొట్లము విప్పిననాడే మురిసి వ్రాసినవాని మాటకంటె విలువ హెచ్చు.

నాదమాధుర్యమును గూర్చిన ప్రశంసలు వేరు. వ్రాసినవాడు ఏ సంగీతము విన్నాడో, ఎట్టి గదిలో విన్నాడో మన మెరుగము. మంద్రపు అదురుడునే గొప్పగా నెంచువానికి నచ్చిన యంత్రమున పద్యములోని అక్షరములు మునిగిపోవచ్చును. తివాచీ పరచిన గదిలో మెత్తగా పలికినది, పలకరాళ్ల నేలయు బోడిగోడలునుగల మన హాలులో మారుమ్రోగవచ్చును.

కావున కొనకముందే తిరిగి యిచ్చు గడువును తెలిసికొనుట మంచిది. యంత్రమింటికి వచ్చిననాడు మనము బాగుగా ఎరిగిన తెలుగు పద్యము నొకదానిని తక్కువ ధ్వనితో పెట్టి, ఇంటి పెద్దలను దూరముగా కూర్చుండబెట్టి వినవలెను. పిల్లలచే ఆ పద్యమును తిరిగి చెప్పించవలెను. ఒత్తులు పోక, అక్షరము చెదరక బిడ్డ తిరిగి చెప్పగలిగినచో ఆ యంత్రము మన ఇంట ఉండదగినది. చెప్పలేనిచో, వేయిమంది మెచ్చినను గడువు లోపల త్రిప్పి పంపుటయే మేలు.