జారిపడ్డదెవరు?

ఎదుటి మనిషి కాలు జారి పడితే మనకు నవ్వెందుకొస్తుంది? ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వు మీదే ఓ పుస్తకం రాశాడు. ప్రాణమున్న దేహం మరబొమ్మలా బిగుసుకుపోతే నవ్వు పుడుతుందన్నాడు. అప్పటికి టెలివిజన్ లేదు. 1950లో ఎన్‌బీసీలో మొదలైన ‘యువర్ షో ఆఫ్ షోస్’ ఆ మాటకు రూపు కట్టింది. సిడ్ సీజర్, ఇమోజిన్ కోకా బృందం ఓ స్కెచ్‌లో గడియారం మీది బొమ్మలయ్యారు. గంట కొట్టినప్పుడల్లా సుత్తులు ఆడించి, నీళ్లు చిలకరించి, లోపలికి పోవాలి. వరస తప్పింది. దెబ్బలూ నీళ్లూ ఒకరివి ఒకరి మీద పడసాగాయి. మొహాలు మాత్రం కొయ్యబొమ్మలవే! పైగా ఆ షో ప్రత్యక్ష ప్రసారం.

1970లో బీబీసీ ‘మాంటీ పైథాన్’లో ఆరడుగుల అయిదంగుళాల జాన్ క్లీజ్ బౌలర్ టోపీ, గొడుగు, బ్రీఫ్‌కేస్‌తో, కాళ్లు ఆకాశానికి విసురుతూ ఆఫీసుకు బయల్దేరాడు. ఆయన పిచ్చినడకల మంత్రిత్వశాఖ అధికారి. గ్రాంటు కోసం వచ్చినవాడి నడక చూసి, ఇందులో పిచ్చి చాల్లేదంటాడు. సామ్రాజ్యం కరిగిపోయినా దర్పం వదలని దొరతనాన్ని ఒక జత కాళ్లు దింపేశాయి. తిరునాళ్ల నవ్వు పెద్దరికాన్ని నేలకు దించుతుందని రష్యన్ పండితుడు మిఖాయిల్ బఖ్తిన్ 1965లో అచ్చయిన గ్రంథంలో చెప్పింది ఇదే.

1975లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సాల్జ్‌బర్గ్‌లో విమానం మెట్ల మీద జారాడు. ఆ ఏడు అక్టోబరులో మొదలైన ‘శాటర్డే నైట్ లైవ్’లో చెవీ ఛేజ్ ఫోర్డుగా వచ్చాడు. వేషం లేదు, గొంతు అనుకరణ లేదు. పడ్డాడు, అంతే. కాలేజీలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడైన ఫోర్డును జనం తూలే మనిషిగా గుర్తుపెట్టుకున్నారు.

అదే షోలో 1990లో క్రిస్ ఫార్లీ, పాట్రిక్ స్వేజీ పక్కన చొక్కా విప్పి నాట్యమాడాడు. ఫార్లీ ఒంట్లో గొప్ప లాఘవం ఉంది. రాసినవాళ్లు అతని లావునే నవ్వులపాలు చేశారు. తోటి నటుడు క్రిస్ రాక్ తర్వాత ఆ స్కెచ్‌ను తప్పుబట్టాడు. నాదీ ఆయన మాటే. ఫార్లీ 33 ఏళ్లకే పోయాడు.

మన ఈటీవీలో 2013లో ‘జబర్దస్త్’ వచ్చింది. చీర కట్టిన మగవాళ్లు, చెంపదెబ్బలు, రంగు మీదా లావు మీదా పంచ్‌లు. ఆ కుర్రాళ్లకు టైమింగ్‌లో కొదవలేదు. వాళ్లను కలెక్టరు ఆఫీసులోకో, మంత్రిగారి ఛాంబర్‌లోకో నడిపించే స్కెచ్‌లు ఇంకా ఎన్నో రాయాలి.