పులికాట్ రేవులో ఎనిమిది నెలలు

ఈ జ్ఞాపక సంచికకు పుంగనూరు సంఘ చరిత్ర వ్రాయుమని సంపాదకవర్గము వారు నన్ను అడిగారు. ఆ పనిని నాకంటె బాగుగా తెలిసిన పెద్దలు చేస్తున్నారు గనుక, నేను కొంతకాలము నివసించిన వేరొక ఊరిని గురించి వ్రాస్తానని మనవి చేసుకున్నాను. ఆ ఊరు మన జిల్లాలోనిది కాదు, మన రాష్ట్రములోనిది కూడ కాదు. అయినను మన సంఘములకు, దానికి వేళ్ల దగ్గర ఒక దూరపు చుట్టరికము ఉన్నది. ఆ సంగతి అక్కడకు వెళ్లకముందు నాకు తెలియదు.

మా రెండవ అమ్మాయికి బ్యాంకు ఉద్యోగములో పులికాట్‌కు బదిలీ అయినది. అల్లుడు కుప్పములో పనిచేస్తున్నాడు, వదలి రాలేడు. చిన్నపిల్లతో ఒంటరిగా ఎట్లుండగలదని నేనును, నా భార్యయు మదనపల్లె ఇంటికి తాళము వేసి బయలుదేరాము. పొన్నేరిలో బస్సు మారి, సుమారు 18 కిలోమీటర్లు తూర్పునకు పోతే రోడ్డు నీటి ఒడ్డున ఆగిపోతుంది. అదే పులికాట్. తమిళులు పళవేర్కాడు అంటారు. ఆ సరస్సును మాత్రము తెలుగువారు ప్రళయకావేరి అంటారు. పేరు వినగానే భయము వేసినది గాని, చూస్తే మోకాటిలోతు నీళ్లు!

ఇది హాస్యమునకు వ్రాసినది కాదు. సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. మన దేశములోని ఉప్పునీటి సరస్సులలో ఒరిస్సాలోని చిల్కా తరువాత ఇదే పెద్దది. దానిలో ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొన మాత్రము తమిళనాడులోను ఉన్నది. సముద్రమునకు, సరస్సునకు నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచియున్నది. మన పాత చిత్తూరు జిల్లా కొండలలో కురిసిన వాన ఆరణి, కాలంగి నదుల వెంట దిగి ఇందులో చేరుతుంది. వానకాలములో నీరు తియ్యబడుతుంది, ఎండాకాలములో సముద్రపు ముఖద్వారము ఇసుకతో పూడుకొనిపోయి ఉప్పు పెరుగుతుంది. ముఖద్వారము తెరచియున్నదా, మూసియున్నదా అన్నదే అక్కడి బెస్తవారి మొదటి మాట. మనము వాన పడినదా అని అడిగినట్లు వారు నోరు తెరిచినదా అని అడుగుతారు.

మొదటి నెల మాకు కష్టముగానే గడిచినది. ఇంటి బావి నీరు నోట పెట్టలేము. త్రాగు నీరు బిందెలతో కొనుక్కోవాలి. నా భార్య సంగటికి రాగిపిండి వెదకి వెదకి విసిగిపోయినది. అల్లుడు కుప్పము మనిషి గనుక తెలుగు, తమిళము, కన్నడము మూడును మూడు వీధులవలె తిరుగుతాడు. మా పుంగనూరు తమిళము మాత్రము అక్కడ సగము దూరమే నడిచినది. అయితే రొయ్యలు అమ్మ వచ్చే ఒక పెద్దమ్మ మా మాట విని, “ఏ ఊరయ్యా మీది?” అని తెలుగులోనే అడిగినది. ఆమెది సరస్సు నడుమనున్న ఇరకం దీవి. మదనపల్లె అని చెప్పగా, “టమాటాల ఊరా!” అన్నది. ఆ రోజు నుండి మాకు ఊరిలో ఒక చుట్టము దొరికినట్లయినది.

ఇక ఊరి చరిత్ర. పదహారవ శతాబ్దపు ఆరంభములో పోర్చుగీసువారు ఇక్కడకు వచ్చారు. వారి వెనుక హాలెండు దేశపు డచ్చివారు వచ్చారు. అప్పుడు ఈ తీరము చంద్రగిరి, వేలూరులనుండి ఏలిన విజయనగర ప్రభువు వేంకటపతి దేవరాయల క్రింద ఉండేది. 1610లో ఆయనతో ఒడంబడిక చేసికొని డచ్చివారు వర్తకశాల పెట్టారు. 1612లో శాంథోమునుండి పోర్చుగీసువారు వచ్చి దానిని నాశనము చేయగా, 1613లో కోట కట్టుకున్నారు. తమ దేశములోని గెల్డర్‌లాండ్ రాష్ట్రము పేర దానికి గెల్డ్రియా కోట అని పేరు పెట్టారు. ఆంగ్లేయులు చెన్నపట్నములో స్థలము పొందినది 1639లో. అనగా చెన్నపట్నము పుట్టుటకు ఇరువదియారేండ్ల మునుపే ఈ చిన్న ఊరు కోట గల రేవుపట్టణము. 1690లో నాగపట్నమునకు మార్చువరకు కోరమాండల్ తీరమంతటికిని డచ్చివారి ముఖ్యస్థానము ఇదే.

వారి వర్తకపు కిటుకు ఏమనగా, వారికి కావలసినవి జాపత్రి, జాజికాయ, లవంగము. అవి తూర్పు దీవులలో దొరుకును. ఆ దీవులవారు వెండికంటె మన నేతగుడ్డలనే కోరేవారు. కనుక ఇక్కడి సాలెవారి మగ్గముల మీద నేసిన గళ్లబట్ట, అద్దకపుబట్ట ఓడలకెక్కి బటేవియా చేరి, అక్కడ మసాలాదినుసులుగా మారి ఐరోపాకు పోయేది. నేటికిని గళ్ల లుంగీలను పళైకాట్ లుంగీలు అనుట ఈ ఊరి పేరును బట్టియే. కోటలో తుపాకిమందు కూడ తయారుచేసేవారు. నాణెములు కూడ ముద్రించారు.

ఇప్పుడు కోట లేదు. 1806లో ఆంగ్లేయులు దానిని పడగొట్టారు. 1825లో ఊరు పూర్తిగా వారి వశమైనది. తుమ్మ, కంప పెరిగిన దిబ్బలు, చుట్టూ కందకపు గుర్తు మాత్రము మిగిలినవి. రేవు చచ్చిపోవుటకు కారణము నీరు లోతు లేకపోవుట అని కొందరు చెప్తారు. నాకు పూర్తిగా నమ్మకము లేదు. ఆనాటి చెన్నపట్నమునకు మాత్రము రేవు ఎక్కడున్నది? అక్కడ కూడ ఓడలు దూరముగా సముద్రములోనే నిలిచేవి. అధికారము ఎక్కడ కూర్చుంటే వర్తకము అక్కడకు పోయినది, అంతే.

మిగిలినది సమాధుల తోట. పురావస్తుశాఖవారి రక్షణలో ఉన్నది. గుమ్మమునకు ఇరువైపుల రాతిలో చెక్కిన అస్థిపంజరములు నిలిచియుండును. మా మనుమరాలు మొదటిసారి చూచి నా వెనుక దాగినది. లోపల పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశచిహ్నములు, ఒత్తుగా చెక్కిన డచ్చి అక్షరములు. చాల రాళ్లు పదిహేడవ శతాబ్దమునాటివి. సాయంకాలము గాలి చల్లగా ఉండేది గనుక నేను తరచుగా అక్కడకు పోయి కూర్చునేవాడను. పేర్లు కూడబలుక్కొని చదివేవాడను. అర్థము తెలియదు, సంవత్సరము మాత్రము తెలియును.

ఈ రాళ్ల క్రింద ఉన్నవారికి వాక్యము చెప్పిన పాదిరులలో అబ్రహాం రొజేరియస్ అను ఆయన ఒకరు. 1632 నుండి 1642 వరకు పది సంవత్సరములు పులికాట్‌లో ఉన్నారు. ఆయన పద్మనాభుడు అను బ్రాహ్మణునితో పోర్చుగీసు భాషలో మాట్లాడుచు, ఇక్కడివారి ఆచారములు, పండుగలు, నమ్మకములు అడిగి తెలిసికొని వ్రాసికొన్నారు. ఆయన 1649లో చనిపోగా ఆ పుస్తకము 1651లో లైడెన్‌లో అచ్చయినది. దాని చివర భర్తృహరి పద్యములకు డచ్చి అనువాదము ఉన్నది. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో వ్రాసిన సుభాషితములను మనము బడిలో కంఠస్థము చేశాము గదా. ఆ మూలము ఐరోపా భాషలోకి మొదట పోయినది ఈ ఉప్పునీటి ఒడ్డునుండే! అన్యుల మతమును తిట్టుట తేలిక, పది సంవత్సరములు కూర్చుండి వినుట కష్టము. ఆ ఓర్పు వలన ఆయన మీద నాకు గౌరవము కలిగినది.

కాని గౌరవముతో ఆగిపోలేకపోయాను. ఆ పాదిరికి జీతమిచ్చినది సంఘము కాదు, వర్తక కంపెనీ. ఆ కంపెనీ బట్టలతో పాటు మనుష్యులను కూడ ఓడలకెక్కించినది. 1622, 1623 సంవత్సరములలో పులికాట్, దేవనాంపట్నము మొదలగు రేవులనుండి సుమారు 1,900 మందిని బానిసలుగా తీసికొనిపోయినట్లు చరిత్రకారులు లెక్క తీశారు. కరవు, యుద్ధము వచ్చినప్పుడెల్ల ఈ వ్యాపారము పెరిగేది. ఆకలికి తాళలేక తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకునేవారు. కొనుటకు కంపెనీ సిద్ధముగా ఉండేది. కంపెనీ దొరలకు వంశచిహ్నములతో సమాధులున్నవి. ఓడలకెక్కినవారికి పేరైనను మిగలలేదు.

ఇప్పుడు చుట్టరికము మాట. రొజేరియస్ పులికాట్ చేరుటకు నాలుగేండ్లు ముందు, 1628లో, అదే హాలెండు సంస్కరణ సంఘమునుండి మరియొక పాదిరి అమెరికాలోని న్యూ ఆమ్‌స్టర్‌డాం అను చిన్న రేవునకు వెళ్లి సంఘము స్థాపించారు. అదే నేటి న్యూయార్కు. అక్కడ కూడ వర్తక కంపెనీయే ఉన్నది, అక్కడ కూడ బానిసలు ఉన్నారు. మనవారి పూర్వులు శుద్ధులు, పరులవారు పాపులు అని చెప్పుకొనుటకు వీలులేదు. కాని అక్కడ కంపెనీ పోయిన తరువాత కూడ సంఘము నిలిచినది. తన కాళ్లమీద తాను నిలుచుట నేర్చుకొన్నది. ఆ సంఘపు బిడ్డలైన స్కడ్డర్ సోదరులే 1853లో ఆర్కాటు మిషను ప్రారంభించారు. వారి తరువాత వచ్చిన డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ గారు పలమనేరునుండి 1863లో మదనపల్లెకు వచ్చారు. తెలుగు నేర్చి, తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షులుగా పనిచేసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. మా మేనత్తలు ప్రార్థన చేసిన ఆ తెలుగు, హాలెండునుండి న్యూయార్కు చుట్టి వచ్చిన దారిలో దొరికినది. పులికాట్‌నుండి మదనపల్లెకు సుమారు రెండువందల కిలోమీటర్లు. ఆ దగ్గరి దారిన మాత్రము రాలేదు.

దగ్గరి దారిన ఎందుకు రాలేదని ఆ సమాధుల నడుమ కూర్చుండి చాల సాయంకాలములు ఆలోచించాను. మా ఇంటిలో చెప్పుకొనే ఒక కథ నాకు అడ్డుపడేది. 1876-78 నాటి గొప్ప కరవులో మా ముత్తాత, ఆయన తమ్ముడు పుంగనూరు ప్రక్క పల్లెనుండి గంజి కొరకు వచ్చి మిషను చెంత చేరారట. తమ్ముడు కొంతకాలమునకు తిరిగి వెళ్లిపోయాడు, ముత్తాత ఉండిపోయాడు. గంజి కొరకు మతము మారినవారని మమ్మును బడిలో ఎగతాళి చేసినవారున్నారు. చిన్ననాడు నాకు సిగ్గుగా ఉండేది. పులికాట్‌లో ఆ సిగ్గు పోయినది. ఒక కరవులో ఆకలిగొన్నవారిని కొని ఓడ ఎక్కించారు. మరియొక కరవులో కూర్చుండబెట్టి గంజి పోశారు. గంజిలో ఏ ఉద్దేశము కలిసినదని అడిగే హక్కు కడుపు నిండినవారికి ఉండవచ్చును. మా ముత్తాతకు ఆ తీరిక లేదు.

సంక్రాంతి తరువాత ఒక ఆదివారము మధ్యాహ్నము ఇరకం దీవి పెద్దమ్మ మమ్మును తన ఇంటికి పిలిచినది. తడ వైపు వెళ్లి పడవ ఎక్కాము. చలికాలము గనుక వేలకొలది ఫ్లెమింగోలు నీటిలో నిలిచియున్నవి. దూరమునుండి గులాబీరంగు గట్టువలె కనబడెను. నడుమ పడవ బురదలో కూరుకొనిపోయినది. నేను ఏసు నామము జపిస్తూ ఉండగా పడవవాడు నవ్వుచు నీటిలోకి దిగి నిలుచున్నాడు. నీరు అతని తొడలవరకే! నెట్టుకొని వెళ్లి గట్టు చేర్చాడు.

వెళ్లేటప్పుడు అతడు సరస్సులో పాతిన కఱ్ఱలను చూపి, వారి ‘పాడు’ కట్టుబాటును వివరించాడు. వలలు వేసే మంచి చోట్లు ఎవరి సొంతమును కావు. హక్కు గల కుటుంబములు వంతులు వేసికొని ఒకరి తరువాత ఒకరు ఆ చోట వల కట్టాలి. నేడు మంచి చోటు దొరికినవాడు రేపు చెడ్డచోటికి పోవలెను. పూర్వము నుండి ఇట్లే జరుగుచున్నదట. అయితే ఈ హక్కు కొన్ని కులములవారికే ఉన్నది. చేతులతో రొయ్యలు తడివి పట్టే యానాదులకు ఇందులో వంతు లేదు. అది కూడ అతడే, అడగకుండానే చెప్పాడు.

పెద్దమ్మ ఇంటిలో రొయ్యల పులుసు, అన్నము పెట్టినది. నా భార్య మదనపల్లెనుండి తెప్పించిన రాగిపిండి కొంచెము ఆమెకు ఇచ్చినది. ఆమె దానిని ఎట్లు వండాలో తెలియక నవ్వినది. నా భార్య పొయ్యి దగ్గర కూర్చుండి సంగటి కెలికి చూపినది.

వేసవిలో అమ్మాయికి మరల చిత్తూరు వైపు బదిలీ వచ్చినది. బయలుదేరే ముందురోజు మనుమరాలిని తీసికొని సమాధుల తోటకు పోయాను. ఈసారి అది అస్థిపంజరములకు భయపడలేదు. నోటుపుస్తకపు కాగితము ఒక రాతి మీద పరచి, పెన్సిలుతో రుద్ది అక్షరములు ఎత్తుకొన్నది. “తాతా, మన ముత్తాతల రాయి కూడ ఇట్లే ఎత్తుకుందామా?” అని అడిగినది. పుంగనూరులో మా ముత్తాతను చింతచెట్టు ప్రక్కన పాతిపెట్టారని మా జేజి చెప్పేది. చెట్టు ఇప్పుడు లేదు, రాయి ఎన్నడును లేదు. ఊరికి వెళ్లినాక చోటు చూపిస్తానని మాత్రము చెప్పాను.

మరునాడు బస్సులో ఎండు రొయ్యల సంచి కాళ్లక్రింద పెట్టుకొని వచ్చాము. తిరుపతి దాటువరకు ప్రక్కవారు ముక్కు మూసికొంటూనే ఉన్నారు. మదనపల్లెలో ఇంటి తాళము తుప్పుపట్టి రాలేదు, పగులగొట్టించవలసి వచ్చినది.