అనిమే క్షేత్రయాత్ర

జపాన్ యానిమేషన్ చిత్రాల్లో, టీవీ ధారావాహికల్లో నేపథ్యంగా కనిపించిన అసలు ఊళ్ళనూ వీధులనూ గుళ్ళనూ వెతుక్కుంటూ అభిమానులు చేసే ప్రయాణమే అనిమే క్షేత్రయాత్ర. జపాన్‌లో దీన్ని సెయిచి జున్‌రెయ్ అంటారు. బౌద్ధ క్షేత్రాలు తిరిగే యాత్రికుల మాటనే అభిమానులు మొదట సరదాగా అరువు తెచ్చుకున్నారు. టిక్కెట్టు కొని గేటు దాటి వెళ్ళే వినోద ఉద్యానాల పద్ధతి ఇక్కడ లేదు. చూడవలసింది ఒక మెట్ల వరుస కావచ్చు, రైల్వే గేటు కావచ్చు, ఓ పాత బడి కావచ్చు. స్థానికులకు అందులో విశేషమేమీ కనబడదు. వచ్చినవాడు మాత్రం ఫోనులో ఆ దృశ్యం తెరిచి పెట్టుకుని, కెమెరాలో అదే కోణం కుదిరేదాకా ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటాడు.

చదివిన చోటును కళ్ళారా చూడాలన్న కోరిక జపాన్‌లో కొత్తదేమీ కాదు. 1689లో కవి బషో ఉత్తరాది దారి పట్టింది పూర్వకవులు పాడిన స్థలాలను దర్శించడానికే. హనాకో మురఒకా 1952లో చేసిన అనువాదంతో ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ నవలకు దాసులైన జపాన్ పాఠకులు తర్వాతి దశాబ్దాల్లో ఆ కథాస్థలం కోసం కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి వెళ్ళసాగారు. కార్టూను కథల వంతు 1990ల్లో వచ్చింది. ‘సెయిలర్ మూన్’ అభిమానులు టోక్యోలోని అజాబు ప్రాంతంలో ఉన్న హికావా ఆలయాన్ని కనిపెట్టి వెళ్ళారు. 2002లో ‘ఒనెగయ్ టీచర్’ వచ్చాక నగానో కొండల్లోని కిజాకి సరస్సుకు రాకపోకలు మొదలయ్యాయి. అక్కడికి వచ్చినవాళ్ళు ఫొటోలతో సరిపెట్టుకోకుండా సరస్సు గట్లు శుభ్రం చేసే పనిలోకీ దిగారు.

అయితే ఈ అలవాటు దేశమంతటికీ తెలిసింది సైతామా రాష్ట్రంలోని వాషిమియా అనే చిన్న పట్టణం వల్ల. 2007 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రసారమైన ‘లక్కీ స్టార్’లో కవల అక్కచెల్లెళ్ళు ఒక పూజారి కూతుళ్ళు. వాళ్ళ గుడికి నమూనా ఆ ఊళ్ళోని పురాతన షింతో ఆలయం వాషినోమియా. ఆ వేసవిలో ఒక అనిమే పత్రిక కథాస్థలాల వివరాలు అచ్చువేయగానే కుర్రాళ్ళు గుంపులుగా దిగారు. మొక్కులు రాసి కట్టే చెక్కపలకల మీద కథానాయికల బొమ్మలు గీసి వేలాడదీశారు. ఊరివాళ్ళు మొదట బిత్తరపోయారు.

ఆ తర్వాత స్థానిక వర్తక సంఘం చేసిన పనే ఈ చరిత్రలో అసలు మలుపు. సంఘంవాళ్ళు వచ్చినవాళ్ళనే పలకరించి, ఏం కావాలో అడిగి తెలుసుకున్నారు. హక్కుదారుల అనుమతి తీసుకుని, మొక్కుపలక ఆకారంలో ఫోనుకు తగిలించుకునే బొమ్మలు చేయించారు. వాటిని ఒక్కచోట గుట్టపోయకుండా రకానికో కొట్టు చొప్పున ఊరంతా పంచారు. అన్నీ సేకరించాలనుకున్నవాడు వీధులన్నీ తిరగక తప్పదు. తిరిగితే ఎవరో ఒకరు మాట కలపకా మానరు. 2008లో పట్టణ కార్యాలయం ఆ కాల్పనిక కుటుంబాన్ని ప్రత్యేక నివాసులుగా నమోదు చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబరు ఉత్సవంలో సంప్రదాయ పల్లకీతోపాటు ‘లక్కీ స్టార్’ పల్లకీ కూడా ఊరేగింది. మోసింది అభిమానులే. కొత్త సంవత్సరం దర్శనానికి 2007లో లక్షా ముప్ఫై వేల మంది వచ్చిన గుడికి 2008లో మూడు లక్షలు, 2011 నాటికి నాలుగు లక్షల డెబ్బై వేల మంది వచ్చారు. ధారావాహిక ఆగిపోయాక కూడా సంఖ్య పెరుగుతూ పోవడమే ఇందులో వింత. 2018లో ఆ గుడి చెక్క తోరణద్వారం కూలిపోగా, 2021లో కొత్తది నిలబెట్టారు.

షిగా రాష్ట్రంలోని తోయొసాతో బడి కథ వేరు. వాస్తుశిల్పి విలియం మెరెల్ వోరీస్ గీసిన ఆ 1937 నాటి భవనాన్ని కూల్చాలని పెద్దలు పూనుకుంటే, ఊరివాళ్ళు కోర్టుకెక్కి ఆపించారు. 2009లో ‘కె-ఆన్!’ వచ్చింది. మెట్ల కటకటాల మీది తాబేలు, కుందేలు కంచు బొమ్మలను చూసి అభిమానులు బడిని ఇట్టే పోల్చుకున్నారు. కథలోని పిల్లలు సంగీత సాధన మాని టీ తాగుతూ కూర్చునే గది లాంటిదే అక్కడా ఉంది. దాని బల్లల మీద ఇప్పుడు కప్పులూ సాసర్లూ అమర్చి ఉంటాయి.

కనజావా శివార్లలోని యువాకు వేడినీటి బుగ్గల ఊరు మరో అడుగు ముందుకేసింది. 2011లో ‘హనసాకు ఇరోహా’ రచయితలు కథ కోసం కల్పించిన దీపాల పండుగను ఆ ఊరు అదే ఏడాది అక్టోబరులో నిజంగానే జరిపింది. అది ఏటేటా కొనసాగుతోంది.

సముద్రతీరాన ఉన్న ఒఆరయ్ 2011 మార్చి సునామీలో దెబ్బతిన్నది. మరుసటి ఏడాది మొదలైన ‘గర్ల్స్ ఉంట్ పాన్జర్’లో బడిపిల్లలు యుద్ధ ట్యాంకులతో ఆ వీధుల్లోనే పోటీపడతారు. ఒక ట్యాంకు దూసుకుపోయి గుద్దిన సత్రం నిజంగా ఉన్నదే; ఆ సత్రానికి అంతకు మించిన ప్రచారం దొరకదు. కొట్టుకో పాత్ర చొప్పున నిలువెత్తు అట్టబొమ్మలు వెలిశాయి. ఊరి చేపల పండుగకు 2013లో సుమారు లక్షమంది వచ్చారు.

వాషిమియా లాంటి ఊళ్ళను చూసి ముందే లెక్కలు వేసుకున్న చోట్లా ఉన్నాయి. చిబా రాష్ట్రంలోని కమొగావా పట్టణం 2012లో ‘లాగ్రాంజ్’ ధారావాహిక ప్రసారానికి ముందునుంచే సన్నాహాలు చేసుకుంది. అనుకున్న సందడి మాత్రం రాలేదు. తాము కనిపెట్టుకోవలసినదాన్ని ఎవరో వడ్డించి పెట్టడం అభిమానులకు రుచించలేదు.

2016 ఆగస్టులో మకోతో షింకాయ్ చిత్రం ‘యువర్ నేమ్’ విడుదలయ్యాక ఈ యాత్ర అనిమే అభిమానులకే పరిమితమై ఉండిపోలేదు. టోక్యో యొత్సుయాలోని సుగా ఆలయం మెట్లు, హిదా ప్రాంతపు రైలు స్టేషను, గ్రంథాలయం అందరికీ చిరునామాలయ్యాయి. ఆ ఏటి పది ప్రసిద్ధ పదాల్లో సెయిచి జున్‌రెయ్ చేరింది. అప్పుడే ఏర్పడిన అనిమే టూరిజం అసోసియేషన్‌కు ‘గుండం’ దర్శకుడు యొషియుకి తొమినో అధ్యక్షుడయ్యాడు. షికోకు దీవిలోని 88 బౌద్ధాలయాల యాత్రను తలపించేలా ఆ సంస్థ 2017లో 88 అనిమే క్షేత్రాల జాబితా ప్రకటించింది.

ఎక్కువైతే ఏమవుతుందో కమకురా చూపిస్తోంది. 1993లో మొదలైన ‘స్లామ్ డంక్’ టీవీ ధారావాహికతో పేరుపడిన ఎనొదెన్ రైలుమార్గపు గేటు దగ్గర, 2022 చివర్లో కొత్త సినిమా వచ్చాక తైవాన్, చైనా, కొరియా యాత్రికుల తాకిడి పెరిగింది. రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు తీసేవాళ్ళను పక్కకు జరపడానికి నగరపాలక సంస్థ కాపలాదారులను పెట్టవలసి వచ్చింది. వాషిమియాలో గుడీ బజారూ ఉన్నాయి కాబట్టి జనం వస్తే ఊరికి నాలుగు డబ్బులు మిగిలాయి. గేటు దగ్గర కొనడానికేముంది?

తెలుగువారికి ఈ సంగతి ఎదురు దిక్కునుంచి తారసపడింది. ‘బాహుబలి’తో పెరిగిన జపాన్ అభిమానం 2022 అక్టోబరులో అక్కడ విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’తో ఇంకా బలపడింది. 2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ని తెలుగు ప్రేక్షకుల ఈలల మధ్య చూడాలని కొందరు జపాన్ అభిమానులు హైదరాబాదు వచ్చారు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన క్షేత్రం ఒక సినిమా హాలు.