వ్యక్తి సాపేక్షవాదం

సత్యాసత్యాలు, మంచిచెడులు చూసేవారిని బట్టి ఉంటాయని, అందరికీ వర్తించే కొలబద్ద లేదని చెప్పే తాత్విక దృక్పథం. దీన్ని తొలిసారి స్పష్టంగా ప్రతిపాదించినవాడు గ్రీకు సోఫిస్టు ప్రొటాగరస్ (సుమారు క్రీ.పూ. 490–420). థ్రేస్ తీరంలోని అబ్డెరా అతని ఊరు. రుసుం పుచ్చుకొని వక్తృత్వం నేర్పేవాడు. దక్షిణ ఇటలీలోని తురీ వలస నగరానికి చట్టాలు రాశాడని ప్రతీతి. సర్వానికీ మనిషే ప్రమాణమన్న అతని గ్రంథం దొరకదు. ఆ వాదం మనకు వివరంగా దక్కింది ప్రత్యర్థి ప్లేటో రాసిన 'థియేటిటస్'లోనే. అక్కడ కూడా అది తేలిపోకపోవడం ప్లేటో నిజాయితీ.

వీచేది ఒకే గాలి. ఒకడు వణుకుతాడు, పక్కవాడికి చలే తెలియదు. గాలి వణికేవాడికి చల్లన, రెండోవాడికి కాదు. ఇద్దరిలో ఎవరూ పొరబడలేదంటాడు ప్రొటాగరస్. అన్ని అభిప్రాయాలూ నిజమైతే, అతడిది తప్పన్నవారి అభిప్రాయమూ నిజం కావాలి కదా అని ప్లేటో ఆక్షేపణ. చాలామంది దీన్ని తిరుగులేని దెబ్బగా భావిస్తారు. 1976లో తత్వశాస్త్ర పండితుడు మైల్స్ బర్నియెట్ కూడా దీన్ని సమర్థించాడు. అయితే 'ఎవరికి నిజం' అన్నదే ప్రొటాగరస్ వాదానికి ఆయువుపట్టు. అది ప్రత్యర్థికి అబద్ధం, ప్రొటాగరస్‌కు నిజం అనుకుంటే వైరుధ్యం ఉండదు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఎవరికి వారే ప్రమాణమైతే గురువెందుకు? రోగికి చేదనిపించే తిండి ఆరోగ్యవంతుడికి రుచిస్తుంది. వైద్యుడు రోగిని తప్పుపట్టడు, మందిచ్చి మెరుగైన స్థితికి తెస్తాడు, గురువు ఆ పని మాటలతో చేస్తాడు అని ప్రొటాగరస్ పక్షాన సమాధానం. తెలివైన సమాధానమే. కానీ తనకు జ్వరం వస్తుందని ఒకడు, రాదని వైద్యుడు అంటే, రేపు జరిగేది ఒక్కటే. భవిష్యత్తు విషయంలో ఇద్దరి మాటా ఒకేసారి నిలవదు. మెరుగు అన్నది కూడా రేపటి ఫలితాన్ని బట్టి తేలేదే కనుక, గురువును సమర్థించిన వాదమే సిద్ధాంతానికి గండి కొట్టింది.

అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' నాలుగో భాగంలో ఈ వాదాన్ని ఖండించాడు. సంశయవాది సెక్స్‌టస్ ఎంపిరికస్ గ్రహణ భేదాలను ఏకరువు పెట్టినా, అందరిదీ నిజమనలేదు, తీర్పును నిలిపివేయమన్నాడు. మధ్యయుగాల్లో ఈ ధోరణికి చెప్పుకోదగ్గ సమర్థకులు కనబడరు. జైనుల అనేకాంతవాదాన్ని ఈ కోవలో చేర్చడం పొరపాటు: వస్తువుకు అనేక ముఖాలున్నా, కేవలజ్ఞాని (సర్వజ్ఞుడు) వాటన్నిటినీ చూడగలడని జైనుల విశ్వాసం. నీతి విషయంలో 1932లో తాత్వికుడు వెస్టర్‌మార్క్, తీర్పులకు మూలం భావోద్వేగాలేనని వాదించాడు. 1947లో అమెరికన్ మానవశాస్త్ర సంఘం కార్యవర్గం, వ్యక్తి స్థానంలో సంస్కృతిని నిలిపి, విశ్వజనీన మానవ హక్కుల భావనపై సందేహాలు లేవనెత్తింది. అదే సంఘం 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ ప్రకటన చేసింది.