ముందు బండి ఎవరిది?

పొద్దున బడివేళకు రాయికోడ్‌లో జహీరాబాద్ తొవ్వ పక్కన నిలబడి చూడండి. ఆలుమగలు రెండు వేర్వేరు బండ్ల మీద పోవడం కనిపిస్తుంది. ఆయనది స్ప్లెండర్, ఆమెది స్కూటీయో యాక్టివానో. నేను ఈ మండలంలోనే టీచరుగా పనిచేశాను. మా ఆయనదీ అదే కొలువు, వేరే ఊరి బడి. మేమూ ఏండ్లుగా అట్లాగే రెండు బండ్ల మీద తిరుగుతున్నాం. తొవ్వలో ఆలుమగల్లో ఎవరు ముందుండాలి, ఎవరు వెనకుండాలి అన్నది మా దగ్గర చాలా పాత సంగతి. ఇప్పుడది ప్రాణాల మీది సంగతి కూడా అయింది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మమ్మ కాలంలో ప్రయాణమంటే నడకే. శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు పోయినా, పుట్టింటికి పోయినా ఆయన చేతికర్ర పట్టుకొని ముందు నడిచేవాడు. ఆమె నెత్తిన మూటతో, చంకన బిడ్డతో నాలుగడుగులు వెనక. బరువు మోసేది ఆమె, నడక వేగం తేల్చేది ఆయన. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. సవారి కచ్చురాలు, అంటే మనుషులెక్కే గూడుబండ్లు, దొరల ఇండ్లకే ఉండేవి. మిగిలినవాళ్లకు మామూలు ఎడ్లబండి. పగ్గాలు పట్టి ఆయన ముందు కూర్చుంటే, వెనక జొన్నచొప్ప మీద ఆమె, పిల్లలు.

నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. అవి పల్లెలకు చేరేసరికి ఒక తరం గడిచింది. బస్సులో మాత్రం వరస తిరగబడింది. ఆడవాళ్ల సీట్లు ముందు, మగవాళ్లు వెనక. అయినా టికెటు ఆయన జేబులోనే ఉండేది. ఊరొచ్చింది, దిగమని వెనకనుంచి కేకేసేదీ ఆయనే.

ఒకపక్కకు రెండు కాళ్లూ వేసి కూర్చోవడం మా ఆడవాళ్లు సైకిలు క్యారియర్ మీద నేర్చుకున్నారు. తర్వాత 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ఎనభైలలో మా ఉమ్మడి మెదక్ జిల్లా పటాన్‌చెరులోనే ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ వారు వెస్పాలు తయారుచేశారు. బండ్లు మారాయి గాని ఆమె కూర్చునే తీరు మారలేదు. ఒక చేయి ఆయన భుజం మీద, ఇంకో చేయి ఒళ్లోని బిడ్డ మీద. అలా కూర్చున్న మనిషికి బండిని రెండు మోకాళ్ల మధ్య పట్టుకునే వీలుండదు. ఒక్కసారిగా బ్రేకు పడితే ఒళ్లు ముందుకు జారుతుంది, గుంతలో పడితే పక్కకు ఒరుగుతుంది. బరువంతా ఒకపక్కకే పడుతుంది కాబట్టి నడిపేవాడు తెలియకుండానే హ్యాండిల్‌ను రెండో పక్కకు లాగుతూ ఉంటాడు. ఇక కొంగు సంగతి. వెనక చక్రంలో కొంగు చుట్టుకొని పడిపోయిన ఆడవాళ్ల కథలు మా చిన్నప్పుడు ప్రతి వాడకట్టులోనూ వినిపించేవి.

ఆ కొంగును చట్టం కూడా పట్టించుకుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని వెంట వచ్చిన కేంద్ర నిబంధనల్లో 123వది చదివి నేను నిజంగా సంతోషపడ్డాను. వెనక కూర్చునే మనిషికి చేత్తో పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు ఉండాలని, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే ఏర్పాటు ఉండాలని అందులో ఉంది. మనం సారీ గార్డు అనేది దాన్నే. కొత్త బండి కొన్న కుర్రవాళ్లు అందం చెడుతుందని దాన్ని ఊడదీయించడం నేను చూశాను. ఆ ఇనుప చట్రం ఎందరు తల్లుల నడుములు కాపాడిందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

గేర్లు లేని బండ్లతో అసలు మార్పు వచ్చింది. 1984లో కైనెటిక్ హోండా, తొంభైలలో స్కూటీ, 2001లో యాక్టివా. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి, కాళ్లు పెట్టుకోవడానికి ముందు చదునైన జాగ, చీర కట్టుకొని కూడా నడపగలగడం. మా పల్లెల్లోకి అవి ఆలస్యంగానే వచ్చాయి. సాయంత్రం బడి వదిలాక మైదానంలో భర్తలు వెనక క్యారియర్ పట్టుకొని ఉరికేవాళ్లు, భార్యలు హ్యాండిల్ బిగబట్టి నేర్చుకునేవాళ్లు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల లెక్కలు చూసేవాళ్లు ముందు నేర్చుకున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, అది పెద్ద మేలు. కానీ బస్సు వేళకూ బడి వేళకూ పొంతన కుదరని ఊర్లలో స్కూటీయే దిక్కు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆలుమగలు చెరో బండి మీద బయలుదేరినప్పుడు ఆ పాత నడక వరసే రోడ్డెక్కింది. ఆయన ముందు, ఆమె వెనక. ఆయన తన వేగంలో తాను పోతాడు. ఆమె అందుకోవడానికి తన చేతనైనదానికంటే ఎక్కువ ఎక్సిలేటర్ తిప్పుతుంది. ఆయన లారీని దాటితే ఆమె కూడా వెంటనే దాటుతుంది, ఎదురుగా ఏమొస్తుందో తాను చూడకుండానే. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ముందు బండికి దొరికిన సందు వెనక బండి వచ్చేసరికి మూసుకుపోయి ఉంటుంది.

అందుకే ఇద్దరిలో నెమ్మదిగా నడిపేవాళ్లు ముందుండాలని నేను గట్టిగా చెబుతాను. మా జంటల్లో చాలాసార్లు అది ఆమె, కొన్ని జంటల్లో ఆయన. ముందున్నవాళ్లకు వెనకవాళ్లు అద్దంలోనే కనబడతారు, వెనకున్నవాళ్లకు ముందుబండి కళ్లెదుటే ఉంటుంది. చెయ్యి తిరిగిన మనిషి వెనకుంటే టైరులో గాలి తగ్గినా, చున్నీ జారినా, ఇండికేటర్ ఆపడం మరిచినా చూసి హారన్ కొట్టి చెప్పగలడు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, వెనక మనిషి వస్తున్నదీ లేనిదీ అద్దంలో ఇట్టే తెలుస్తుంది. తెలియని ఊరి తొవ్వ అయితే, దారి తెలిసినవాళ్లు ముందుండడం సరే. అప్పుడు కూడా వేగం మాత్రం వెనకవాళ్లదే కావాలి.

65వ నంబరు జాతీయ రహదారి లాంటి వెడల్పు రోడ్డు మీద ముందు బండి తన వరుసలో కొంచెం కుడిపక్కకు, వెనక బండి కొంచెం ఎడమకు ఉండాలి. మధ్యలో రెండు సెకన్ల దూరం వదలాలి. ముందు బండి ఒక రాయిని దాటగానే మనసులో లెక్కపెడితే తెలిసిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం, అంటే కనీసం 22 మీటర్ల జాగ. వాన పడితే దానికి రెట్టింపు. పక్కపక్కన పోతూ ముచ్చట పెట్టడం ఎంత ఖాళీ రోడ్డయినా వద్దు. కుక్క అడ్డమొస్తే తప్పుకోవడానికి ఇద్దరికీ జాగ ఉండదు.

రాయికోడ్ చుట్టుపక్కల లోపలి రోడ్లు ఒక్క బస్సు పట్టేంతే. అక్కడ కుడి, ఎడమ అనే మాటే ఉండదు, ఒకరి వెనక ఒకరు పోవాలి, మూలమలుపుల్లో దూరం ఇంకా పెంచాలి. ఎదురుగా బస్సొస్తే తారు మీంచి మట్టి అంచుకు దిగాలి. ఆ అంచు చాలాచోట్ల కోసుకుపోయి జానెడు లోతుంటుంది. వేగం పూర్తిగా తగ్గించాకే దిగాలి, ఇద్దరూ ఒకేసారి దిగొద్దు. పంటల కాలంలో రోడ్డు మీదే సోయా, జొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనబడవు. చలికాలంలో వెనక లైట్లు లేని చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి బారులు తీరుతాయి. వానాకాలంలో ట్రాక్టర్ చక్రాలకు అంటి వచ్చిన నల్లరేగడి మట్టి తారు మీద సబ్బులా జారుతుంది. అలాంటి చోట ముందువాళ్లు ఎడమ చెయ్యి కిందికి ఊపి వెనకవాళ్లకు చెప్పాలి. ఇంట్లో ముందే మాట్లాడుకుంటే ఇలాంటి సైగలు నాలుగు చాలు.

హైవే దాటేచోట ఇద్దరూ ఆగాలి. ఎవరికి వాళ్లు రెండు పక్కలా చూసుకోవాలి. ఆయన దాటాడు కదా అని ఆమె, ఆమె దాటింది కదా అని ఆయన దాటకూడదు. తప్పిపోతే ఎక్కడ ఆగాలో బయలుదేరేముందే అనుకుంటే, ఫోను కోసం జేబులో చెయ్యి పెట్టే పని పడదు.

ఇట్లా బండ్లు కలిసి నడపడం ఆడవాళ్లకు చేతకాని పనేమీ కాదు. 2018లో బైక్ రైడర్ జై భారతి ముందుండి మరో ముగ్గురు మహిళలతో హైదరాబాద్ నుంచి మోటార్‌సైకిళ్ల మీద బయలుదేరి మయన్మార్, థాయ్‌లాండ్ మీదుగా వియత్నాం దాకా పోయి వచ్చారు. నాలుగు బండ్లు వేల కిలోమీటర్లు కలిసి నడిచిన ప్రయాణమది. ఆ వార్త చదివిన మా బడి ఆడపిల్లల కళ్లలో వెలుగు చూశాను. మా మండలంలో మొగుడి వెనక కొంగు సర్దుకుంటూ కూర్చున్న అమ్మల పిల్లలు వాళ్లు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. వెనక కూర్చున్నన్నాళ్లు ఆమెకు హెల్మెట్ ఎవరూ కొనలేదు, చట్టం అడిగినా సరే. ఇప్పుడు హ్యాండిల్ ఆమె చేతిలో ఉంది. ఈ దసరాకు ఇంటి ఆడమనిషికి బండి కొనే అన్నలకు, తమ్ముళ్లకు నా విన్నపం ఒకటే. బండితోపాటు ఆమె తలకు సరిపోయే మంచి హెల్మెట్ కొనండి, మొదటి రోజు నుంచే ఆమెను ముందు పోనిచ్చి మీరు ఆమె వేగంలో వెనక రండి.